నీళ్ల ట్యాంకరుకు పాడిన జపాను పాట

మేము విమానం దిగేసరికి మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలు. దక్షిణ సూడాన్. జూన్ మొదటి వారం. మెట్ల మీద నిలబడి కిందికి చూస్తే రన్‌వే పక్కన కాలిన హెలికాప్టరు ఒకటి పడి ఉంది. దాని మీద కొంగలు వాలి ఉన్నాయి. మాకు నీలి హెల్మెట్లు అక్కడే ఇచ్చారు. తూటాలు ఆపే జాకెట్టు బరువు పదకొండు కిలోలు. లారీ ఎక్కమన్నారు. ఎక్కాం. శిబిరం చేరడానికి నలభై నిమిషాలు పట్టింది.

నాది భారత సైన్యంలో రేడియో ఆపరేటరు పని. ఊరు జమ్మలమడుగు. అప్పటికి పదహారేళ్ల సర్వీసు అయింది. శాంతి దళంలోకి మా కంపెనీని పంపారు. నూట ఇరవై మందిమి. ఏడాది పని.

శిబిరం చుట్టూ మట్టికట్ట, దాని మీద ముళ్లకంచె. పడమట గేటు. గేటు పక్కన రెండు ఇనుప కంటైనర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఇసుక బస్తాలతో గూడు కట్టారు. దాన్ని టవర్ అనేవాళ్లం. అదే నా డ్యూటీ చోటు. ఒక రేడియో సెట్టు, ఒక బైనాక్యులర్స్, ఒక నీళ్ల డబ్బా, ఒక స్టూలు. ఉదయం ఐదున్నర నుంచి పదకొండున్నర వరకు ఒక వారం, పదకొండున్నర నుంచి సాయంత్రం ఐదున్నర వరకు ఇంకో వారం.

టవర్ మీద నుంచి పడమటికి చూస్తే ఎర్ర కంకర పరిచిన గరుసు రోడ్డు. రోడ్డుకు రెండు వైపులా నల్లరేగడి. నేను దిగిన రోజే ఆ నేలను గుర్తుపట్టాను. ఎండితే చెయ్యి పట్టేంత బీటలు, తడిస్తే బంక. మా జమ్మలమడుగు చేలల్లో శనగ వేసే నేల అచ్చం అదే. అలాంటి నేలలో వాన పడిన రోజు మనిషి దిగడు, బండి అసలే దిగదు. ఆ సంగతి శిబిరంలో ఇద్దరికే పుట్టుకతో తెలుసు. ఒకడిని నేను. రెండోవాడు నీళ్ల ట్యాంకరు డ్రైవరు. అతనిది పులివెందుల పక్కన పల్లె. ఇంటి దగ్గర అరటితోట. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. మొదటి రోజు భోజనాల దగ్గర నా మాట విని పళ్లెం పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"యాడప్పా మీది?"

"జమ్మలమడుగు."

"అబ్బో, దగ్గరోనివే. ఇంగ ఏడాదంతా ఈ రొట్టెలు తింటా ఏడిసేదానికి తోడు దొరికినావు."

నేను తినే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. కళ్లు తెరిచేసరికి అతను నా పళ్లెంలోని ఉల్లిపాయ ముక్క తీసుకుని నములుతున్నాడు.

"నువ్వు కండ్లు మూస్తివి. వద్దనుకుంటివేమోననుకుంటి, పాస్టరు మామా."

ఆ రోజు నుంచి కంపెనీ మొత్తానికి నేను పాస్టరునయ్యాను. సుబేదారు కూడా పాస్టర్ సాబ్ అనేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా తాత ముత్తాతలు దొరల మిషను కాలంలో విశ్వాసంలోకి వచ్చినవాళ్లు. మా అన్న మా సంఘంలో పాటలు నడిపిస్తాడు. సంఘం పాస్టరును మేము అయ్యగారు అంటాం. పదిహేడేళ్లప్పుడు పెన్నలో బాప్తిస్మం తీసుకుని, నీళ్లలోంచి లేచి, సంఘం ఎదుట మాట ఇచ్చాను. లోక పాటలు పాడను, నా గొంతు దేవునిదే అని. ఇది మా వాళ్లలో చాలామంది చేసే తీర్మానమే. నేను నిలబెట్టుకున్నాను. పదహారేళ్ల సర్వీసులో ఎన్నో విందులు జరిగాయి. అందరినీ లేపి పాడించేవాళ్లు. నేను కీర్తన పాడేవాణ్ణి, లేదంటే కూర్చునేవాణ్ణి. సినిమా పాట ఒక్క పల్లవి కూడా నా నోట రాలేదు.

మా శిబిరానికి ఉత్తరం వైపు కంచె అవతల జపాను ఇంజనీర్ల శిబిరం ఉండేది. వాళ్లు రోడ్లు వేసేవాళ్లు. బుల్‌డోజర్లు, రోడ్డు రోలర్లు వరుసగా, గీత గీసినట్టు నిలబెట్టేవాళ్లు. టవర్‌కు ఇరవై అడుగుల దూరంలో వాళ్ల మెకానిక్ పని చేసేవాడు. నలభై ఐదేళ్లుంటాయి. పొట్టి మనిషి. రోజూ ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు వచ్చేవాడు. ముందు టోపీ తీసి బుల్‌డోజరుకు తల వంచేవాడు. తర్వాత గ్రీజు డబ్బా తీసి పని మొదలుపెట్టేవాడు. పని చేసినంతసేపూ ఒకే పాట, నోరు మూసి, ముక్కుతో. ఉన్నట్టుండి ఒక చోట గొంతు ఎత్తి నాలుగు మాటలు పాడి మళ్లీ మూసుకునేవాడు.

దాన్ని నేను దేవుని పాట అనుకున్నాను.

ఎందుకనుకున్నానో చెబుతాను. మా ఇళ్లల్లో తెల్లవారుజామున ముసలమ్మలు లేచి, కసువు ఊడుస్తూనో పొయ్యి అంటిస్తూనో, ఇలాగే నోరు మూసి పాడుకుంటారు. పనికి ముందు తల వంచి, పని చేస్తూ పాడే మనిషి మా ఎరుకలో ఒక్క రకమే. అతన్ని చూసి ఎక్కడో జపానులో ఒక సంఘం ఉందని, దానికి ఇతను నమ్మకమైన సభ్యుడని నాకు నేనే తేల్చుకున్నాను. అడగలేదు. అడగాల్సిన అవసరం కనబడలేదు.

ఐదు వారాలు ఆ పాట నా ఉదయం ధ్యానం అయింది. రాగం బాగుండేది. దిగులుతో మొదలై, మెల్లగా ఎండలోకి నడిచినట్టు ఉండేది. నేను దానికి తెలుగు మాటలు కట్టాను. 'తెల్లవారెను దేవా, నీ దయ నన్ను లేపెను' అని పల్లవి. మూడు చరణాలు. పాడి, ఫోనులో రికార్డు చేసి, మా అన్నకు పంపాను. జపాను విశ్వాసుల పాట అని రాశాను. మా అన్న సంతోషపడ్డాడు. రెండు ఆదివారాల్లో సంఘానికి నేర్పించాడు.

ఆరో వారం కంచె దగ్గర మెకానిక్‌కు టీ ఇచ్చి అడిగాను. అతని ఇంగ్లీషు నా ఇంగ్లీషుకు సరిపోయేది.

"ఆ పాట లేఖనంలో ఏ భాగం మీద?"

అతనికి అర్థం కాలేదు. నేను పైకి వేలు చూపించాను. చేతులు జోడించాను. అతను నవ్వాడు. టీ ఒలికేంత నవ్వాడు.

"నో గాడ్," అన్నాడు. పిడికిలి గుండ్రంగా పట్టుకుని కొరికినట్టు చూపించాడు. "ఆపిల్."

అది ఎర్రటి ఆపిల్ పండు మీద పాట. పండు ఏమీ మాట్లాడదట. అయినా దాని మనసు పాడేవాళ్లకు తెలుసట. అంతే. అందులో ఇంకేమీ లేదు.

నాకు నవ్వు రాలేదు. అతను గమనించి కప్పు కింద పెట్టాడు. తర్వాత మాటలు వెతుక్కుంటూ, చేతులతో చూపిస్తూ చెప్పాడు. పెద్ద యుద్ధం అయిపోయింది. వాళ్ల దేశం ఓడిపోయింది. వాళ్ల నాయనమ్మకు అప్పుడు పందొమ్మిదేళ్లు. ఊరు కాలిపోయింది. ఇల్లు లేదు. నాన్న తిరిగి రాలేదు. చిలగడదుంపల కోసం తెల్లవారి నుంచి వరుసలో నిలబడేవాళ్లు. అప్పుడు రేడియోలో ఈ పాట వచ్చింది. వరుసలో ముందున్న ఎవరో ఎత్తుకుంటే వెనకవాళ్లు అందుకునేవాళ్లట. ఆ ఏడాది నాయనమ్మ ఆపిల్ పండును కంటితో చూడలేదు. పాట మాత్రం రోజూ పాడింది.

"కడుపు ఖాళీ," అని పొట్ట మీద కొట్టుకున్నాడు. "నోరు ఖాళీ కాదు."

ఆ మాట నాలో దిగలేదు. ఆ రోజు నాకు వినిపించింది ఒక్కటే, మోసపోయానని. సాయంత్రం అన్నకు ఫోను చేశాను.

"ఆ పాట ఆపెయ్ అన్నా. అది దేవునిది కాదు. ఆపిల్ పండుది."



"ఇంగ ఏంది చేసేది రా? పోయిన వారం ఆరాధనలోనే పాడేసినాము. ముసిలోల్లకందరికీ వచ్చేసింది. అయ్యగారు గూడా బాగుందన్న్యాడు."

"ఆపిల్ అన్నా. పండు."

"ఏదెను తోటలో పండు ఆపిలని యాడ రాసుంది రా? పండని ఉంది. అంతే."

"నాకు తెలుసు. ఆపెయ్."

ఆపేశారు. నేను కూడా ఆ చరణాలున్న కాగితం చించేశాను. తర్వాత ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మెకానిక్ టోపీ ఎత్తి పలకరిస్తే నేను రోడ్డు వైపు చూసేవాణ్ణి. డ్రైవరుకు ఇదంతా తెలుసు. అతని ట్యాంకరు నిలిపేది ఆ కంచె పక్కనే. ట్యాంకరు కడుగుతూ అతను ఆ పాటే ఈల వేసేవాడు, కావాలని, నా వైపు చూస్తూ.

"ఏం పాస్టరు మామా, పండు మీద అలిగినావంట?"

"గమ్మునుండప్పా."

"పండేం జేసింది పాపం?"

ఇక ఆ రోజు సంగతి.

ఆగస్టు. ముందు రోజు రాత్రంతా వాన. ఉదయం వెలిసింది. నా డ్యూటీ పదకొండున్నరకు మొదలైంది. నీళ్లు తెచ్చే బోరు శిబిరానికి నాలుగు కిలోమీటర్లు. రోజుకు రెండు ట్రిప్పులు. ముందు కాపలా జీపు, వెనక ట్యాంకరు. డ్రైవరుకు సహాయకుడు ఉండాలి. ఆ రోజు అతనికి జ్వరం. డ్రైవరు ఒక్కడే వెళ్లాడు.

ఒంటిగంట ఐదు నిమిషాలకు రోడ్డుకు దక్షిణాన మామిడి తోటలోంచి కాల్పులు మొదలయ్యాయి. ఉత్తరాన పాత ఇటుక బట్టీ లోంచి జవాబు వచ్చింది. రెండూ స్థానిక గుంపులు. మాతో వాళ్లకు పేచీ లేదు. రోడ్డు మధ్యలో ఉంది, అంతే. జీపు గేటులోకి వచ్చేసింది. ట్యాంకరు చాలా వెనకబడింది. ముందు రోడ్డు మీద గుండ్లు పడుతుంటే డ్రైవరు బండిని ఎడమకు తిప్పాడు. గరుసు దాటి రేగడిలోకి దిగాడు. రేగడి అని అతనికి తెలుసు. ఇంకో దారి లేదు. ముందు చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి.

టవర్ నుంచి ఎనిమిది వందల మీటర్లు. తెల్ల రంగు క్యాబిను. డ్రైవరు వైపు తలుపు నాకు ఎదురుగా ఉంది.

ఒంటిగంట పదకొండు నిమిషాలకు రేడియోలో గొంతు వచ్చింది. హిందీలో కాదు.

"మామా. తగిలింది మామా."

"యాడ?"

"కాలికి. ఎడమ కాలు. మోకాలి కింద. తలుపులో నుంచి వచ్చింది."

"నెత్తురు?"

"శానా పోతాంది."

సుబేదారు మెట్లెక్కి నా వెనక నిలబడి ఉన్నాడు. రేడియోలో సొంత భాష మాట్లాడితే అంతకు ముందు రెండుసార్లు తిట్టాడు. ఇప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, "మీ భాషలోనే మాట్లాడు," అన్నాడు.

నర్సింగ్ అసిస్టెంటు కూడా పైకి వచ్చాడు. అతను చెప్పింది నేను తెలుగులో చెప్పాను. బెల్టు తియ్యి. తొడకు చుట్టు. స్పానరు దూర్చి తిప్పు. బిగించి పట్టుకో. చెయ్యి వదిలితే బిగువు పోతుంది. రేడియో మైకు ఇక ముట్టుకోవద్దు. సెట్టు స్పీకరులో నా మాట వినపడుతుంది, చాలు. విన్నట్టయితే కుడి చేత్తో తలుపు బయట కొట్టు.

బైనాక్యులర్స్‌లో చూశాను. కిటికీలోంచి చెయ్యి బయటికి వచ్చింది. తలుపు మీద రెండుసార్లు కొట్టింది.

కమాండరు ఫోనులో రెండు గుంపుల పెద్దలతో మాట్లాడుతున్నాడు. కాల్పులు ఆగేదాకా ఎవరూ గేటు దాటరాదని పైనుంచి ఆజ్ఞ. మా సాయుధ వాహనాలు రెండూ తూర్పు గేటు దగ్గర, లోపలికి పరుగెత్తి వస్తున్న ఊరి జనం కోసం నిలబడి ఉన్నాయి. జపాను వాళ్లకు ఆజ్ఞ ఇంకా గట్టిది. వాళ్లు కంచె దాటనే కూడదు. మెకానిక్ తన బుల్‌డోజరు ఇంజను ఆన్ చేసి, దాని పక్కనే నిలబడి, ట్యాంకరు వైపు చూస్తున్నాడు. కాసేపటికి వాళ్ల అధికారి వచ్చి ఇంజను ఆపించాడు.

నర్సింగ్ అసిస్టెంటు నాతో అన్నాడు: "అతను నిద్రపోకూడదు. నిద్రపోతే చెయ్యి వదులుతాడు. వదిలితే పది నిమిషాలు కూడా బతకడు. ఏం చేస్తావో చెయ్యి."

ఆపకుండా మాట్లాడాను. అరటితోట గురించి, వాళ్ల అమ్మ చేసే రాగిసంకటి గురించి, ప్రొద్దుటూరులో పెళ్లికి బంగారం కొనడానికి వెళ్లి నాలుగు అంగళ్లు తిరిగి చెప్పులు పోగొట్టుకున్న సంగతి గురించి. అన్నీ అతను నాకు చెప్పినవే. అతనికే తిరిగి చెప్పాను. చెయ్యి కొడుతూ ఉంది. రెండున్నరకు నెమ్మదించింది. రెండు నలభైకి ఒకసారి కొట్టి జారిపోయింది. తర్వాత స్పీకరులో గరగర. మైకు ముట్టుకోవద్దన్నా ముట్టుకున్నాడు.

"నిద్దరొస్తాంది మామా."

"నిద్దర పోవాకు."

"మాటలు ఇనపడ్తాండాయి గానీ ఎక్కడంలే. ఏందన్నా పాడు."

నేను కీర్తన ఎత్తుకున్నాను. చిన్నప్పటి నుంచి ఆపదలో మా ఇంట్లో పాడేది. రెండు వరుసలు కూడా కాలేదు.

"పాడాకు. అది పాడాకు మామా."

"ఏం?"

"మా ఇంటి ముందర నుంచే మీ వాళ్ల శవాలు పోయేది. అది పాడుకుంటానే పోతారు. అది ఇంటే నేను పోతాండానని తెలిసిపోతాది."

ఇంకొకటి మొదలుపెట్టాను.

"అదీ అంతే. నీకు బతికినోళ్ల పాట ఒగటన్నా రాదా మామా?"

రేడియో మీట విడిచి కూర్చున్నాను. అతను అన్నది నిజమే అని ఒప్పుకోను. ఆ కీర్తనలు బతకడానికి రాసినవే. కానీ అతను వాటిని విన్నది పాడె వెనక. దాన్ని సరిచేసే సమయం అది కాదు. వేరే పాట కావాలి. నాకు వచ్చిన పాటలన్నీ దేవునివే. ఒక్కటి తప్ప.

సమయం రెండు గంటల యాభై రెండు. నేను మీట నొక్కి ఆపిల్ పాట పాడాను.

మాటలు రావు. నేను కట్టిన తెలుగు మాటలు పాడితే అదీ కీర్తన అవుతుంది. అందుకని తానన తానన అని రాగం మాత్రం పాడాను. సుబేదారు నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. ఒక చుట్టు అయింది. రెండో చుట్టు మొదలుపెట్టాను. కంచె అవతల నుంచి మాటలు వినబడ్డాయి. మెకానిక్ కంచె దగ్గరికి వచ్చి, చేతులు నిటారుగా పెట్టుకుని, తల పైకెత్తి, ఒక్కొక్క వరుసా గట్టిగా పాడుతున్నాడు. పాడి ఆగుతున్నాడు. నన్ను అనమని. నేను అన్నాను. ఏమి అంటున్నానో నాకు తెలియదు. అతను అన్నది నేను, నేను అన్నది రేడియో.

బైనాక్యులర్స్‌లో చెయ్యి లేచింది. తలుపు మీద దరువు వేసింది. పాటకు సరిగ్గా. ఒకటి, రెండు, ఒకటి, రెండు.

రేడియో గురించి తెలియనివాళ్లకు ఒక మాట. మీట నొక్కితే మన మాట పోతుంది. నొక్కి ఉన్నంతసేపు అవతలి మాట మనకు రాదు. పాడినంతసేపు నేను మీట నొక్కే ఉన్నాను. అతను పిలిచినా, తిట్టినా, తల్లికి ఏమైనా చెప్పమన్నా, నాకు వినపడదు. నాకున్నది ఆ చెయ్యి ఒక్కటే.

మూడు ఇరవైకి మెకానిక్ గొంతు బొంగురుపోయింది. ఆపలేదు. మూడు నలభైకి నర్సింగ్ అసిస్టెంటు నా నోటికి నీళ్ల డబ్బా పెట్టాడు. వరుసకూ వరుసకూ మధ్య తాగాను.

నాలుగు గంటల ఎనిమిది నిమిషాలకు చెయ్యి ఆగింది.

తలుపు మీద వేలాడుతూ ఉంది. కదల్లేదు. సుబేదారు అన్నాడు, "మీట వదిలి పిలువు." నేను వదల్లేదు. వదిలితే అవతల ఏముందో వినాలి. అక్కడ ఏమీ లేకపోతే అది కూడా వినాలి. పాట వేగం పెంచాను. అరిచాను అనడం సరి. ఆ చెయ్యి మీద చూపు పెట్టి, పాట నోట ఉండగానే, మనసులో దేవుణ్ణి పిలిచాను. రెండూ ఒకేసారి చేయవచ్చని అంతకు ముందు నాకు తెలియదు.

నాలుగు పదకొండుకు ఒక వేలు కదిలింది. తర్వాత చెయ్యి. దరువు తప్పుగా ఉంది. పాట ఒక దారి, అది ఒక దారి. నేను పాటను ఆ దరువుకు తగ్గించుకున్నాను.

నాలుగు ఇరవై ఆరుకు కాల్పులు ఆగాయి. నాలుగు ముప్ఫైకి ఆరుగురు స్ట్రెచరు పట్టుకుని గేటు దాటారు. గరుసు మీద పరుగెత్తి, రేగడిలో మోకాళ్ల దాకా దిగబడుతూ నడిచారు. నాలుగు నలభై తొమ్మిదికి తలుపు తెరిచారు. నేను మీట వదిలాను. స్పీకరులో మొదట వచ్చింది నర్సింగ్ అసిస్టెంటు గొంతు. "ఉన్నాడు."

బెల్టు పట్టుకున్న ఎడమ చెయ్యి కొయ్యబారిపోయిందని, వేలు వేలూ ఊడదీయాల్సి వచ్చిందని తర్వాత చెప్పాడు.

మర్నాడు ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మెకానిక్ వచ్చాడు. టోపీ తీసి బుల్‌డోజరుకు తల వంచాడు. ఆ వారం నా డ్యూటీ మధ్యాహ్నమైనా నేను పొద్దున్నే టవర్ ఎక్కి నిలబడి నా హెల్మెట్ తీశాను. అతను చూశాడు. ఆ రోజు పాడలేదు. గొంతు లేదు. నాకూ లేదు.

డ్రైవరు కాలు మోకాలి కింద తీసేశారు. ముందే ఇంటికి పంపించారు. నా ఏడాది పూర్తయి జూన్‌లో తిరిగి వచ్చాను. తర్వాత ఏడాదికి పింఛను మీద బయటికి వచ్చి, ప్రొద్దుటూరులో ఒక గిడ్డంగికి కాపలా పర్యవేక్షణ చేస్తున్నాను. రోజూ బస్సులో పోయి వస్తాను.

సూడాన్ నుంచి వచ్చిన రెండో ఆదివారం మా సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు. దూరం పోయి క్షేమంగా వచ్చినవాళ్లు నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పడం మాకు ఆనవాయితీ. మా అన్న డ్రైవరును కూడా పిలిపించాడు. పులివెందుల నుంచి బస్సులో వచ్చాడు. చంకలో కర్ర, చేతిలో అరటి గెల. వెనక బెంచీలో కిటికీ పక్కన కూర్చోబెట్టారు.

నేను జరిగింది చెప్పాను. వాన, రేగడి, బెల్టు. పాడమన్నాడని చెప్పాను. అయ్యగారు కుర్చీలోంచి ముందుకు వంగారు.

"ఏ కీర్తన పాడినావు నాయనా?"

అందరూ నా వైపు చూశారు. నూట యాభై మంది. నేను నీళ్లలో మాట ఇచ్చినప్పుడు ఉన్నవాళ్లు సగం మంది అక్కడే ఉన్నారు. నేను మొదట ఎత్తుకున్న కీర్తన పేరు చెప్పాను. ఎత్తుకున్నాను కదా, అబద్ధం ఎలా అవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధమే. సంఘం ఎదుట, దేవుని ఎదుట.

స్తోత్రం అన్నారు. మా అన్న ఆ కీర్తనే ఎత్తుకున్నాడు. అందరూ లేచి అందుకున్నారు.

అప్పుడు డ్రైవరు వైపు చూశాను. అతను ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముఖంలో కోపం లేదు. పెళ్లికి వచ్చినవాడిలా అటూ ఇటూ చూస్తున్నాడు. కుడి చెయ్యి కిటికీ చెక్క మీద ఉంది. వేళ్లు కొడుతున్నాయి. ఆ దరువు ఈ కీర్తనది కాదు. అది చేస్తున్నట్టు అతనికి తెలుసో తెలియదో నేను చెప్పలేను.

చెయ్యెత్తి పాట ఆపించాను.

"నేను తప్పు చెప్పినాను," అన్నాను. "కీర్తన వద్దన్నాడు. నేను పాడింది ఆపిల్ పాట. జపాను వాళ్లది. లోక పాట. రెండు గంటలు పాడినాను."

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ముందు వరుసలో నిలబడిన ఒక ముసలమ్మ, మా చిన్నప్పుడు మాకు వాక్యం నేర్పినామె, మా అన్న వైపు తిరిగింది.

"ఏందిరా, నువ్వు నేర్పిచ్చి ఆపేసిన పాటేనా? అది మాకొచ్చు గదా."

ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. నన్ను దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, చాలాసేపు ప్రార్థన చేశారు. ఏమని చేశారో పైకి అనలేదు.

ఆ పాట దేవునిది కాదని ఇప్పటికీ అంటాను. ఆ రోజు దాన్ని నా నోట పెట్టింది ఆయన కాదని మాత్రం ఎవరు అన్నా ఒప్పుకోను.

బయట మెట్ల మీద డ్రైవరు కర్ర ఆనించి కూర్చున్నాడు.

"బాగానే అతికిచ్చినావు గదా మామా, ఎందుకు ఇప్పేస్తివి?"

నేను ఏడాదిగా అడగాలనుకున్నది అడిగాను. "నేను మీట నొక్కుకోని పాడతాంటే, నువ్వేమన్నా చెప్పినావా అప్పా? మా అమ్మకు చెప్పమనో, ఏదో?"

"చెప్పినా."

"ఏమని?"

"రెండో చరణం తప్పు పాడతాండావని. ఆ జపానాయన దినామూ ట్యాంకరు పక్కనే పాడ్తాన్యాడు గదా, నాకు నీకన్నా బాగా తెలుసు. మైకు అందుకోని అరిస్తే నువ్వు యాడ ఇంటివి? ఇడిస్తేనా మీట?"

అంత చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. అది నిజమో, నా కోసం అన్న మాటో అడగలేదు. అతను మధ్యాహ్నం రెండు గంటల బస్సుకు పులివెందుల వెళ్లిపోయాడు.

ఇప్పుడు సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటాను. చేలల్లో రేగడి తడిసి నల్లగా ఉంటే అది కనబడుతుంది. బైనాక్యులర్స్ గుండ్రం. గుండ్రంలో తెల్ల తలుపు. తలుపు మీద ఆగిపోయిన చెయ్యి. గడియారం నాలుగు గంటల ఎనిమిది. నా బొటనవేలు మీట మీద ఉంది. నేను పాడుతున్నాను.